స్మృతి తొలగిన సహధర్మచారిణికి గృహపరిచర్య

(సంఘ వార్షిక మహాసభయందు నల్లజర్ల వాస్తవ్యులగు విశ్రాంతోపాధ్యాయు లొకరు గావించిన యుపన్యాసము)



ఆహ్వానసంఘమువారు మొదట మమ్ము సంస్కృతవిద్యను గూర్చి మాటలాడుమని కోరియుండిరి. ముప్పదియేండ్లకు పైగా దానినే చెప్పుకొని బ్రదికినవారము గనుక వారి కోరిక సహజమే. అయినను ఆ విషయమును మాకంటె బాగుగా చెప్పగలవారు ఈ సభయందే పలువురున్నారు. ఇంతవరకు ఈ వేదికమీద ఎవరును ఎత్తని మాట యొకటి యున్నది; దానిని చెప్పుటకు అనుమతి వేడితిమి, వారు దయతో నంగీకరించిరి. దంపతులలో నొకరికి వార్ధకమున స్మృతి తొలగిపోయినప్పుడు రెండవవారు ఇంటియందే యుంచుకొని పరిచర్య చేయుట యెట్లు, ఆ పరిచర్యలో సంఘమునకు ఏమైన పాలున్నదా యనునదే యా మాట. మా గృహిణికి ఈ వ్యాధి తోచి ఆఱవయేడు నడచుచున్నది. సంతానము దూరదేశములయందున్నారు, నల్లజర్లలోని యింట మేమిరువురమే. కావున ఇప్పుడు చెప్పబోవునది కొంత గ్రంథములవలనను వైద్యులవలనను తెలిసికొన్నది, కొంత వంటయింటిలోను స్నానాలగదిలోను నేర్చినది.

వైద్యులు దీనిని డిమెన్షియా యందురు. తెలుగున చిత్తవైకల్యమని వ్రాయుచున్నారు. ఆ మాట మాకు రుచింపదు. వినువారికి పిచ్చియని తోచును, పిచ్చి యనగానే ఇంటివారు తలుపు వేసికొందురు. ఇందు పలు భేదములున్నవి. వానిలో మిక్కిలి ఎక్కువగా కనబడునది ఆల్జీమర్ వ్యాధి. 1906వ సంవత్సరమున జర్మనీదేశపు వైద్యుడగు ఆల్జీమర్, తాను చూచిన యొక రోగిణి చనిపోయిన పిమ్మట ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు పేరుకొనిన పదార్థమును, చిక్కువడిన తంతువులను కనిపెట్టి ప్రకటించెను. 1910లో క్రెపెలిన్ అను ఆచార్యుడు తన గ్రంథమున ఆ వ్యాధికి ఆయన పేరే పెట్టెను. ఆ రోగిణి వయస్సు చనిపోవునాటికి ఏబదియైదు. అనగా ఇది కేవలము పండుముదుసలుల వ్యాధియు కాదు. రక్తనాళములు పూడిపోవుటచేత మెదడు క్షీణించుట మఱియొక భేదము.

మనవారిలో చదువుకొన్నవారు కొందఱు దీనికి శాస్త్రప్రమాణము వెదకుదురు. గీత రెండవ అధ్యాయమున క్రోధమునుండి క్రమముగా స్మృతిభ్రంశము కలుగునని యున్నది గదా, మీ యింటావిడ కోపిష్ఠియా యని యొక పెద్దమనిషి మమ్మడిగెను. అచటి స్మృతి మంచిచెడ్డల యెఱుకకు సంబంధించినది. మెదడులోని కణములు చచ్చుటకు సంబంధించినది కాదు. మఱియొకరు అపస్మారమనిరి. పదచ్ఛేదము చేసిన స్మృతి తొలగుటయే యైనను, ఆయుర్వేదమున నది మూర్ఛవ్యాధికి పేరు. పూర్వజన్మ పాపమనినవారికి మేమేమియు బదులు చెప్పలేదు. అట్టివారి వలన జరుగు కీడు ఒక్కటే: విన్న యిల్లాలి బంధువులు ఆమెను పేరంటమునకు పిలుచుట మానుదురు.

ఇది అరుదైన వ్యాధి యనుకొనరాదు. మనదేశమున వృద్ధులను గూర్చి జరిగిన పెద్ద పరిశోధన ఫలితములు 2023లో ప్రకటింపబడినవి. అఱువదియేండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి ఈ వ్యాధి యున్నదనియు, దేశమంతట 88 లక్షలమంది యుందురనియు అందు లెక్కకట్టిరి. పురుషులకంటె స్త్రీలలోను, పట్టణములకంటె పల్లెలలోను ఎక్కువ. ఈ సభయందు అఱువది దాటినవారు రెండువందలమంది యున్నారనుకొన్నచో, ఆ లెక్కన పదునైదుగురి వంతు. వారిలో కొందఱు ఇచటికి రాకయే యుందురు, వారిని కనిపెట్టుకొనియున్నవారును రాకయే యుందురు. సంఘమునకు వారు కనబడకుండుటకు కారణమిదియే.

మఱపు కనబడగానే "పెద్దతనము, అంతే" యని యూరకుండరాదు. బి-12 విటమిను లోపము, థైరాయిడు గ్రంథి మాంద్యము, పైకి కనబడని దిగులు, కాలుజాఱి పడినప్పుడు తలలో మెల్లగా చేరిన రక్తము, ఏండ్లతరబడి మ్రింగు నిద్రమాత్రలు, వీనివలనను మతి మందగించును. ఇవి చికిత్సకు లొంగునవి. మాంసము ముట్టని యిండ్లలో బి-12 లోపము తఱచు. తాడేపల్లిగూడెమున మా మిత్రుడొకని తల్లికి మతి తప్పినదనియే యేడాదిపాటు అనుకొనిరి. థైరాయిడు మాత్రలు మొదలుపెట్టిన కొన్ని నెలలకు పాలలెక్క ఆమెయే చూచుకొనజొచ్చెను. కాబట్టి ఏలూరునగాని రాజమహేంద్రవరమునగాని నరముల వైద్యునికి చూపి, నెత్తురు పరీక్షలును తల చిత్రమును తీయించుట మొదటి పని. అసలు వ్యాధియేయని తేలినపుడు డోనెపెజిల్, మెమాంటిన్ మొదలగు మందులిత్తురు. అవి కొందఱికి కొంతకాలము ఊఱటయిచ్చును. పోయినదానిని మఱల తేవు. తెత్తుమని తైలములును తాయెతులును అమ్మువారు మా యింటికిని వచ్చిరి. మేము వారికి మజ్జిగయిచ్చి పంపితిమి.

ఇంకను వ్యాధి రానివారికొక మాట. 2024లో లాన్సెట్ పత్రికవారి నిపుణసంఘము పదునాలుగు కారణములను చెప్పి, వానిని అదుపున నుంచుకొన్నచో నూటికి 45 వంతుల వ్యాధిని తప్పించుటయో, వెనుకకు నెట్టుటయో సాధ్యము కావచ్చుననెను. రక్తపుపోటు, చక్కెరవ్యాధి, పట్టించుకొనని చెవుడు, ఏకాంతవాసము, పొగత్రాగుడు అందులోనివి. పొగాకు పండించు మన మెట్టప్రాంతమున ఈ కడపటి మాట రుచింపదేమో! హైదరాబాదు నిమ్స్ వైద్యశాలయందు సువర్ణ ఆళ్లదిగారును వారి సహచరులును 648 మంది రోగులను పరీక్షించి 2013లో ప్రకటించిన విషయము భాషోపాధ్యాయులమగు మాకు ముచ్చటగా తోచినది. రెండుమూడు భాషలు మాటలాడువారికి ఈ వ్యాధి, ఒకే భాష యెఱిగినవారికంటె సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా పైకి వచ్చినదట. బడికి పోనివారియందును భేదము కనబడినదట. అయితే ఆలస్యమే గాని రక్షణ కాదు. మా గృహిణికి తెలుగును, సంస్కృతమును, అత్తవారింట నేర్చిన కొంచెము తమిళమును వచ్చును.

ఇక పరిచర్య. మొదటి సూత్రము పరీక్ష పెట్టకుండుట. చుట్టములు వచ్చినతోడనే ఆమె యెదుట నిలిచి "నేనెవరినో చెప్పు పిన్నీ" యందురు. చెప్పలేక ఆమె మొగము చిన్నబోవును. దుష్యంతునకు ఉంగరము చూడగానే అంతయు తలపునకు వచ్చెను గనుక, పెండ్లిఫోటోలు చూపినచో ఈమెకును వచ్చునని వారి యాశ. దుష్యంతునిది శాపము, దానికి విమోచనము కలదు. ఇది యట్టిది కాదు. పరీక్షలు పెట్టుటలోనే మా బ్రతుకు గడచినది. ఈ యొక్క పరీక్ష మాత్రము ఎవరును పెట్టరాదని చెప్పుటకు మా కధికారమున్నదనుకొందుము. "పిన్నీ, నేను ఏలూరు శేషును, నీ చేతి పులిహోర తిన్నవాడిని" అని తామే చెప్పి కూర్చుండవలయును.

రెండవది కాలనియమము. లేచుట, పండ్లుతోముట, కాఫీ, స్నానము, భోజనము అన్నియు నిత్యము ఒకే వేళకు, ఒకే వరుసలో, ఒకే చోట జరుగవలయును. తలకు బిగించుకొన్న తాడు వంటిది ఈ వరుస. బుద్ధికి పట్టు తప్పినను దేహము దానిని పట్టుకొని నడచును. తార్కికులు సంస్కారమునుండి స్మృతి పుట్టునని చెప్పుదురు. స్మృతి పుట్టకపోయినను సంస్కారము మిగిలియుండు టెట్లో మేము కన్నులార చూచుచున్నాము. ఆ పూట ఏమి తిన్నదో చెప్పలేని యామె, ముగ్గుపిండి చేతికిచ్చినచో చుక్కలు తప్పక పెట్టును. పేర్లు మఱచినది గాని విష్ణుసహస్రనామము మేము మొదలుపెట్టినచో వెంట చదువును. మధ్య మేము తప్పినచో ఆగి చూచును. మిగిలిన పనులను చేయనీయవలయును. బియ్యములో రాళ్లేరుమని పళ్లెము మా యిల్లాలి కిత్తుము. ఆ బియ్యమున రాళ్లుండవు. ఆమె గంటసేపు తృప్తిగా ఏరును.

స్నానము మిక్కిలి కష్టము. తలమీద నీళ్లు పడగానే భయపడుదురు, తిట్టుదురు, కొట్టుదురు. మొదట పాదములమీద, తరువాత మోకాళ్లమీద, పిమ్మట చేతులమీద చెంబుతో మెల్లగా పోయుచు, ఏమి చేయబోవుచున్నామో ముందుగా చెప్పుచుండవలయును. ఒడలిమీద నొక పలుచని తువ్వాలు కప్పియుంచినచో సిగ్గు దాగును. ఎంత మఱపు వచ్చినను సిగ్గు పోదు. స్నానాలగదికి లోపలి గడియ తీసివేయవలయును. గ్యాసుకు రెగ్యులేటరు వద్ద కట్టివేయవలయును. అన్నము పెద్దకంచమున పలురకములుగా పెట్టినచో ఏది తినవలయునో తోచదు. చిన్నగిన్నెలో ఒకటొకటిగా, మెత్తగా కలిపి ముద్దలుచేసి యీయవలయును. నీళ్లు అడుగరు గనుక మనమే గంటగంటకు త్రాగింపవలయును. పొలమాఱుట మొదలైనచో వైద్యునికి చెప్పవలయును, పండుకొనబెట్టి ఎన్నడును తినిపింపరాదు. నిన్నటివరకు బాగుగానున్నవారు ఒక్కదినములో కలవరింపజొచ్చినచో వ్యాధి ముదిరినదని కూర్చుండరాదు. జ్వరమో, మూత్రమున మంటయో, మలబద్ధమో, చెప్పలేని నొప్పియో లోపల నుండును.

ప్రొద్దు వాలుచుండగా వీరికి కలత హెచ్చును. "మా యింటికి పోవుదును" అని బయలుదేరుదురు. ఉన్నది తమ యిల్లేయని వాదించి లాభములేదు. చీకటి పడకముందే దీపములన్నియు వెలిగించి, ఏదో పని చేతికిచ్చి, కొంచెముసేపు వెంట నడచి మఱల తీసికొనిరావలయును. నల్లజర్ల మీదుగా పెద్దరోడ్డు పోవుచున్నది, రాత్రింబగళ్లు లారీలాగవు. కొల్లేటివైపు లంకగ్రామములలో వాకిలి దాటినచో చేపల చెఱువులే. అందుచేత వీధితలుపుకు కంటికి ఆననంత ఎత్తున గడియ యమర్చి, చేతిగాజుకో మెడలోని గొలుసుకో ఫోను సంఖ్య చెక్కించిన బిళ్ల తగిలించుట మంచిది.

ఈ పనులన్నియు చెప్పుచుండగా సభలోని పెద్దలు కొందఱు "ఇవి కోడండ్ల పనులు గదా" యనుకొనుచుండవచ్చును. మన యిండ్లలో ఇప్పుడు కోడండ్లెక్కడ నున్నారు? హైదరాబాదులోను, బెంగళూరులోను, సముద్రముల కావలను ఉద్యోగములు చేసికొనుచున్నారు. ఉన్నచోటను భార్యకు చేయవలసిన సేవ మొదట భర్తది. ముసలి భర్తను సేవించిన సుకన్య కథను మన పురాణముల నుండి యెన్నిమారులు చెప్పుకొందుము! భార్య కాబోవు కన్యకొఱకు వరుడు చేసినది వెదకినచో ఆదిపర్వమున రురుడు కనబడును. పాము కఱచి చనిపోయిన ప్రమద్వరకు అతడు తన యాయువులో సగమిచ్చి బ్రదికించుకొనెను. నన్నయగారును ఆ కథను తెనిగించిరి. బడిలో మేము దానిని చెప్పినప్పుడు బాలురు నవ్వెడివారు. ఆయువులో సగమిచ్చుట యెట్టిదో మా కిప్పుడు లెక్కగా తెలిసినది: దినమున కిరువదినాలుగు గంటలలో మా యిల్లాలికి పండ్రెండు.

జడవేయుట, చిక్కు తీయుట, చీర కట్టుట మేము అఱువదిదాటిన పిమ్మట నేర్చితిమి. చీరకు బదులు నైటీ సులువని వైద్యశాలలోని నర్సమ్మ చెప్పినది, సులువే. అయినను శుక్రవారమునాడు చీరయే కట్టుదుము, తలలో పూలు పెట్టుదుము. మూడుపాళ్లు వంకరగా వచ్చును. ఆమె అద్దములో చూచుకొని సంతోషించును.

సాయంకాలము నాలుగు దాటిన తరువాత ఆమె మమ్ము తఱచుగా గుర్తింపదు. "మాస్టారు ఇంకా బడినుంచి రాలేదండీ, అరుగుమీద కూర్చోండి" అని మంచినీళ్లు తెచ్చి యిచ్చును. మేము అరుగుమీద కూర్చుండి త్రాగుదుము. మాస్టారు మంచివారేనా యని యొకనాడడిగితిమి. "మంచివారేగానీ, పుస్తకం పట్టుకుంటే అన్నం మాట మర్చిపోతారు" అన్నది. భార్య తన్ను గుర్తింపనినాడు పురుషుడు పడు బాధను మేము తక్కువచేసి చెప్పము. ఈ విషయమున దూరదేశపు వృత్తాంతమొకటి మాకు ధైర్యము నిచ్చినది. అమెరికా సర్వోన్నత న్యాయస్థానమున మొదటి స్త్రీ న్యాయమూర్తిగా 1981లో నియమింపబడిన శాండ్రా డే ఓకానర్ గారు, ఆల్జీమర్ వ్యాధిగ్రస్తుడైన భర్తను చూచుకొనుటకై 2006లో ఆ పదవిని విడిచిరి. తరువాత ఆయనను ఫీనిక్సు నగరమున నొక సేవాగృహమున చేర్చవలసివచ్చెను. అచట ఆయన భార్యను మఱచి, తోటిరోగిణి యొకామెయందు అనురాగము పెంచుకొనెను. 2007లో వారి కుమారుడే ఈ మాట బయటపెట్టి, ఆయన నెమ్మదిగా నున్నందుకు తల్లి సంతోషించుచున్నదని చెప్పెను. ఆయన 2009లో పోయిరి. 2018లో ఆమె తనకును ఇట్టి వ్యాధి మొదలైనదని లోకమునకు లేఖ వ్రాసి, 2023లో కన్నుమూసిరి. తన్ను మఱచినవాని సుఖమును చూచి సంతోషించిన యా తల్లికంటె పతివ్రత యెవరని మా ప్రశ్న.

ధనమునుగూర్చి కొంచెము. మేము వకీలుము కాము. అయినను అడిగి తెలిసికొన్నంత చెప్పుదుము. వీలునామా, బ్యాంకిలో ఇద్దరి పేర్లు, నామినీల మార్పు, ఇవి వ్యాధి తొలిదశలో తెలివియున్నప్పుడే ముగించుకొనవలయును. ముక్త్యారునామా వ్రాయించుకొన్నాము గదా యని ధీమాగా నుండరాదు. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము 201వ విభాగము ప్రకారము, వ్రాసియిచ్చినవారికి మతి తప్పినచో ఆ యధికారమును తీరిపోవును. ఇంకొక మాట నిష్ఠురముగానే చెప్పవలసియున్నది. మతిలేని ముసలమ్మ చేత వ్రేలిముద్రలు వేయించుకొని పొలము వ్రాయించుకొనుట మన యిండ్లలో జరుగుచున్నది. పేర్లు చెప్పము. అట్టి కాగితము న్యాయస్థానమున నిలువకపోవుట యొకయెత్తు. దానికి సాక్షిసంతకము చేసిన కులపెద్దలను మఱల ఈ వేదికమీద కూర్చుండబెట్టుట మఱియొకయెత్తు.

ఇప్పుడు సంఘముమాట. కొల్లేటిలంక యొకదానియందు మా సహోపాధ్యాయుడొకడు భార్యను ఇట్లే కనిపెట్టుకొని యుండెను. ఆయనకు గుండెలో నొప్పి వచ్చుచుండెడిది. ఏలూరునకు పోయి వైద్యునికి చూపి వచ్చుటకు పూట పట్టును. ఆ పూటంతయు ఆమె దగ్గఱ కూర్చుండువారు ఆయనకు దొరకలేదు. చుట్టును చెఱువులు, ఒంటరిగా విడువలేడు. మూడునెలలు "వచ్చేవారము, వచ్చేవారము" అనుచు గడపి, ఆమెకంటె ముందు ఆయనయే పోయెను. దినవారములకు మనవారు రెండువందలమంది వచ్చిరి. ఆ రెండువందలమందిలో ఒక్కరు ఒక్క పూట ముందుగా వచ్చియున్నచో చాలియుండెడిది.

మన సంఘము విద్యార్థివేతనము లిచ్చుచున్నది, కల్యాణమంటపము కట్టినది, వధూవరుల జాబితా అచ్చువేయుచున్నది, కార్తికమున వనభోజనము పెట్టుచున్నది. అన్నియు మెచ్చదగినవే. వృద్ధాశ్రమము కట్టుడని మేము కోరము. కట్టడములనిన సంఘములకు సహజముగా నుత్సాహము హెచ్చు, శిలాఫలకముమీద పేర్లకు చోటుండును. మేము కోరునది పేరుపడని పని. ఊరికిద్దరు, వారమునకొక పూట, ఇట్టి రోగియున్న యింటికి పోయి కూర్చుండవలయును. కనిపెట్టుకొనియున్న భర్తయో భార్యయో ఆ పూట వైద్యునికడకు పోవచ్చును, బ్యాంకికి పోవచ్చును, లేదా నిద్రపోవచ్చును. నిద్రకే ఎక్కువమంది కోరుదురని మా యనుభవము. కూర్చుండబోవువారికి రెండుపూటల శిక్షణ యిప్పించిన చాలును. 1992లో కేరళమున స్థాపింపబడిన ఆల్జీమర్ సంఘమునకు హైదరాబాదునను శాఖ యున్నది, వారిని పిలువవచ్చును. సంఘకార్యాలయమున నాలుగు చక్రముల కుర్చీ యొకటి, మడత మంచమొకటి కొనియుంచి ఎరువీయవచ్చును. వృద్ధులకై ప్రభుత్వమువారు నడపు 14567 అను ఫోనుసంఖ్యను వధూవరుల జాబితా వెనుక అట్టమీద అచ్చువేయవచ్చును, దానికి ఖర్చులేదు. వనభోజనమునకు ఈ కుటుంబములను విడువక పిలిచి, గోల లేని మూల నొక చాప పఱచియుంచుడు. ఆమె అన్నము క్రింద పోసినచో ఎవరును తల త్రిప్పి చూడకుందురుగాక.

రోగుల పేర్ల పట్టిక యొకటి అవసరమగును. దానిని సభలో చదువరాదు, పుస్తకమున వేయరాదు, కార్యదర్శికడనే యుండవలయును. ఈ మేరకు తీర్మానమొకటి వ్రాసి అధ్యక్షులవారి బల్లమీద నుంచితిమి. తీర్మానమును బలపఱచువారు చేయియెత్తుటతో పాటు తమ యూరిపేరును, తమకు వీలగు వారమును వ్రాసియిచ్చినచో కార్యదర్శికి పని తేలికయగును. నల్లజర్లకు ఇద్దఱి పేర్లు మేమే వ్రాసికొంటిమి. వారు సమ్మతించిరి, మా యింటికి కాదు, అనంతపల్లి మార్గమున నున్న వేఱొక యింటికి.

మా యింటిలో ఇప్పుడు కూర్చుండియున్న యామె మన కులమునకు చెందినది కాదు. రెండిండ్లకావల కుట్టుపని చేసికొని జీవించు ఇల్లాలు. వారమునకు రెండుమారులు తన మిషను మూసి వచ్చును, ఇచ్చిన ధనము పుచ్చుకొనదు, మిగిలిన గుడ్డపీలికలు తెచ్చి మా గృహిణిచేత రంగులవారీగా వేఱుచేయించును. మూడుగంటలవరకే ఆమెకు వీలు. తాడేపల్లిగూడెమునుండి మా యూరి బస్సు దొరకవలసియున్నది గనుక అధ్యక్షులవారి యనుజ్ఞతో సెలవు పుచ్చుకొనుచున్నాము. ఇంకను అడుగగోరువారు నల్లజర్లకు దయచేయవచ్చును. నాలుగుగంటలలోపల వచ్చినచో మా గృహిణియు పలుకరించును.